ఏడో పటం

పిచ్చుక ఒక పెద్దాయన చెవి కోసింది.

పెద్ద గాయమేమీ కాదు. చెవి పైఅంచున బియ్యపుగింజంత చర్మం లేచింది, అంతే. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆరేళ్ళుగా ఆమె కత్తెరకి తప్ప ఇంకొకరికి తల అప్పగించని మనిషి. దూది పెట్టి అదుముకుని, "ఫర్లేదులే అమ్మా, నాకింకో చెవుంది" అని నవ్వి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. సెలూన్ యజమానురాలు మర్నాటి నుంచి పిచ్చుకని కుర్చీ దగ్గర్నుంచి తీసేసి, తలలు కడిగే బేసిన్ దగ్గర నిలబెట్టింది. కత్తెర పట్టిన చేతికి చీపురు కూడా ఇచ్చింది.

జరిగిందేమిటంటే, ఆ రోజు పిచ్చుకకి మాస్టారి చెవి రెండుగా కనిపించింది. ఒకటి అసలుది, దాని కిందుగా కాస్త పక్కకి జరిగి పలచగా ఇంకొకటి. ఏది నిజం చెవో ఆమె తేల్చుకునేలోపు కత్తెర తేల్చేసింది.

పిచ్చుక అన్నది ఇంట్లో వాళ్ళు పెట్టిన పేరు. పసితనం నుంచి నోరు మూతపడని పిల్ల కాబట్టి అలా పెట్టారు, ముప్ఫై దగ్గర పడుతున్నా పోలేదు. వంగి జుట్టు కత్తిరిస్తుంటే కళ్ళజోడు ముక్కు మీంచి జారడం, తెగిన వెంట్రుకలు అద్దాలకి అంటుకోవడం, వేడినీళ్ళ ఆవిరికి అవి మసకబారడం, పోనీ కంట్లో లెన్సులు పెట్టుకుంటే సాయంత్రానికి కళ్ళు మండడం, ఈ బాధ పడలేక ఎనిమిది నెలల కిందట లేజర్ ఆపరేషన్ చేయించుకుంది. మొదటి నెల వీధిలో బోర్డులన్నీ పైకి చదువుకుంటూ నడిచింది. మూడో నెలకి కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. ఐదో నెలకి ప్రతి దీపం చుట్టూ బూజు పట్టింది. ఏడో నెల నుంచి ప్రతి వస్తువుకీ ఒక నీడ పుట్టుకొచ్చింది.

ఇంట్లో తల్లి ఎప్పుడో తీర్పు చెప్పేసింది. "కళ్ళు నులుముకునే బుద్ధి నీకు పుట్టుకతో వచ్చింది. డాక్టరు బంగారంలాంటి కళ్ళిస్తే చేజేతులా పాడుచేసుకున్నావు." పిచ్చుక ఆ మాట నమ్మింది. నిద్రలో తెలియకుండా నులుముకుంటున్నానేమోనని రెండు చేతులకీ మేజోళ్ళు తొడుక్కుని పడుకోవడం మొదలుపెట్టింది. ఒక చేతికి తొడుక్కున్నాక రెండో చేతికి పట్టు దొరకదు గదా. ఆ రెండోది అక్క తొడిగేది.

ఆ అక్క గురించే చెప్పాలి, ఎంత రోతగా ఉన్నా.

అక్క పనిచేసేది ఆపరేషన్ జరిగిన ఆ లేజర్ ఆసుపత్రిలోనే. కత్తి పెట్టేది డాక్టరు, కంటికి పటం తీసేది ఈవిడ. అందుకే అక్కడందరికీ ఆమె పటాలమ్మ. నల్లగుడ్డు ముందుండే గాజులాంటి పొర ఎక్కడ ఎంత మందం, ఎక్కడ ఎంత వంపు అన్నది ఆమె మెషిన్ రంగుల్లో చూపిస్తుంది. చల్లని రంగులైతే పొర గట్టిది, లేజర్‌తో కొంత చెక్కినా తట్టుకుంటుంది. కిందివైపు ఎర్ర మచ్చ కనిపిస్తే అక్కడ బలహీనం. అలాంటి పొరని చెక్కితే లోపలి ఒత్తిడికి అది మెల్లమెల్లగా ముందుకి ఉబ్బుతుంది, చూపు వంకరపోతుంది. పటం అడుగున చిన్న గడి ఒకటి వెలుగుతుంది. పచ్చ అయితే ఆపరేషన్ చెయ్యొచ్చు. పసుపు అయితే ఆగి ఆలోచించాలి. ఎరుపు అయితే ఆ మనిషిని కళ్ళజోడుతోనే ఇంటికి పంపించాలి.

ఇంత తేటతెల్లంగా ఉన్న చోట కూడా మనుషులు దూరడానికి ఓ సందు వెతుక్కుంటారు. ఇక్కడ ఆ సందు పేరు "మళ్ళీ తీద్దాం".

మళ్ళీ తీయడంలో తప్పు లేదు. రోగి రెప్ప ఆర్పినా, కన్ను ఎండిపోయినా, గడ్డం సరిగ్గా ఆనించకపోయినా పటం పాడవుతుంది. ఆమెకి పని నేర్పిన ముసలి టెక్నీషియన్ ఒక్కటే మాట చెప్పేవాడు. "మూడు తీయి. మూడూ ఒకటే చెప్తే కన్ను చెప్తోందని అర్థం. ఒక్కటి మాత్రం వేరేగా చెప్తే నీ చెయ్యి చెప్తోందని అర్థం. చెయ్యి మాట ఫైల్లో పెట్టకు." ఆయన రిటైరయ్యాడు. ఆయనతో పాటు ఆ మాట కూడా రిటైరయింది. కొత్త పద్ధతిలో ఎన్నిసార్లు తీసినా ఫైల్లోకి వెళ్ళేది ఒక్క ప్రింటే, అదీ పచ్చదే.

పచ్చది రప్పించడం పటాలమ్మకి వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది. కంట్లో ఓ తడి చుక్క వేసి అర నిమిషం ఆగడం, ముఖాన్ని వెంట్రుకవాసి ముక్కువైపు తిప్పడం, దూదిపుల్లతో పైరెప్ప ఎత్తిపట్టడం, రెండుసార్లు రెప్పలార్పమని చెప్పి మూడోసారి ఆర్పేలోపు నొక్కడం. ఎర్రగా వచ్చింది పసుపయ్యేది, పసుపుగా వచ్చింది పచ్చయ్యేది. "ఆవిడ చెయ్యి పడితే పచ్చే" అని పేరొచ్చింది. కాఫీ మెషిన్ పైన గోడకి "ఈ నెల మేటి చెయ్యి" అని ఆమె ఫోటో అంటించారు. మొదట్లో ఆ ఫోటో చూసి మురిసిపోయేది. ఈమధ్య కాఫీ మానేసింది.

ఆమె ఒక్కతే చెడిపోయిందనుకుంటే పొరపాటు. అక్కడ గోడలకి కూడా నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు మాటలుంటాయి. కౌన్సెలర్ అమ్మాయి పేరే పంచదార. పదకొండు పేజీల అంగీకారపత్రాన్ని ఆమె మూడు నిమిషాల్లో తిప్పేస్తుంది. "ఇదంతా మామూలేనండీ, అందరూ సంతకం పెట్టేదే" అంటూ వేలితో సంతకం పెట్టే చోటు చూపిస్తుంది. కళ్ళు ఎండిపోవడం, దీపాల చుట్టూ వలయాలు, నీడ బొమ్మలు, కోసిన పొర జరగడం, పొర ఉబ్బడం, అన్నీ తొమ్మిదో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. కళ్ళు బాగాలేకనే వచ్చిన మనిషికి ఆ అక్షరాలిచ్చి చదువుకోమనడం కన్నా ఎగతాళి ఇంకేముంటుంది? ఇక పెద్ద డాక్టరు ముక్కు మీద ఎప్పుడూ కళ్ళజోడుంటుంది. మీరెందుకు చేయించుకోలేదని ఎవరైనా అడిగితే, "నావి పొడి కళ్ళు, పనికిరావు" అంటాడు. ఆయన ఆపరేషన్ చేసేవాళ్ళలో సగం మందివి పొడి కళ్ళే.

ఎనిమిది నెలల కిందట పిచ్చుక ఈ మెషిన్ ముందు కూర్చుంది. సెలూన్ వాళ్ళు కొత్త బ్రాంచి తెరుస్తున్నారు, దానికి పిచ్చుకే పెద్ద. చేరేలోపు ఆమెకి మిగిలింది ఒక్క వారం సెలవు.

మొదటి పటం ఎర్రగా వచ్చింది. రెండోది ఎరుపు. మూడోది ఎరుపు. మూడూ ఒకటే చెప్పాయి.

"లెన్సులు ఎప్పుడు తీశావే?" అని అడిగింది అక్క.

"రెండు వారాలైంది."

"నా మొహం చూసి చెప్పు."

"మొన్న తీశాను. లెన్సులు లేకుండా కత్తెర ఎలా పట్టమంటావే? గుడ్డిగా కత్తిరిస్తే తలలు తెగుతాయి."

లెన్సుల ఒత్తిడికి పొర ఆకారం మారి పటం తప్పు రావడం కద్దు. కాబట్టి మూడు వారాలాగి మళ్ళీ రమ్మని పంపించాలి. పటాలమ్మకి అది బాగా తెలుసు, కొత్తగా చేరిన వాళ్ళకి నేర్పేదే ఆమె. కానీ పిచ్చుక గడ్డం మెషిన్ మీద ఆనించే ఉంచి, ఒంటికన్నుతో పక్కకి చూస్తూ, "అక్కా, నీ చెయ్యి పడితే పచ్చేనటగా. నా ఒక్కదానికీ రాదా?" అంది. అప్పుడు అక్కకి ఏమొచ్చిందంటే, పొగరు వచ్చింది. ఊళ్ళోవాళ్ళందరికీ రప్పించిన పచ్చరంగు సొంత చెల్లెలికి రప్పించలేకపోవడం నామోషీ అనిపించింది. లెన్సుల వల్లే ఎరుపు వస్తోందని తనకి తాను సర్దిచెప్పుకుంది. కుడికంటికి ఏడో పటం పచ్చగా వచ్చింది, ఎడమకంటికి నాలుగోది. పచ్చ గడి వెలగగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ చప్పట్లు కొట్టుకున్నారు.

ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి పిచ్చుక అన్న మొదటి మాట, "లోపలెవరో జుట్టు కాల్చారే" అని. లేజర్ పొరని చెక్కేటప్పుడు వచ్చే వాసన అది. తన కంటి వాసనే తన పని వాసనగా వచ్చిందని ఇద్దరూ ఇంటిదాకా నవ్వుకున్నారు. ఇప్పుడు పిచ్చుక సెలూన్ నుంచి రాగానే బట్టల్లోంచి డ్రైయర్‌కి కమిలిన జుట్టు వాసన వస్తే, అక్క ముఖం తిప్పుకుంటుంది. వాకిలి తీసి పక్కకి తప్పుకుంటుంది. పిచ్చుక మాత్రం అక్కకి తన మీద కోపమనుకుంటుంది.

కోపం సంగతి అటుంచితే, ఆ ఎనిమిది నెలలూ అక్క ఏం చేసిందంటే, తల్లితో కలిసి పాట పాడింది. "నులుముకోకే" అని తల్లి ఒకసారంటే తను రెండుసార్లు అంది. అనుమానం లేక కాదు. అనుమానం ఉంది కాబట్టే గట్టిగా అంది. అన్నప్పుడల్లా లోపల కాసేపు హాయిగా ఉండేది. ఆ హాయి తలుచుకుంటే ఇవాళ ఆమెకి తన ఒళ్ళు తనకే అంటరానంత అసహ్యం.

చెవి కోసిన వారానికి పిచ్చుక మళ్ళీ ఆసుపత్రికి వచ్చింది. గడ్డం ఆనించింది. ఈసారి ఏ చుక్కా వేయలేదు, రెప్ప ఎత్తలేదు. పటాలమ్మ నొక్కింది, అంతే. కుడికన్ను పటం కిందివైపు పండిన మిరపకాయ రంగులో గుట్ట లేచింది. ఎడమకన్ను పటంలో కింద చిన్న పసుపు మరక. అదే చోటు. గుట్ట లేవకముందు కుడిది ఎలా ఉండి ఉంటుందో ఎడమది ఇప్పుడలా ఉంది.

"పచ్చగా ఉందా అక్కా?" అంది పిచ్చుక.

"డాక్టరు చూస్తారు, పద."

పెద్ద డాక్టరు రెండు పటాలూ దీపానికి పట్టి చూశాడు. పిచ్చుక పాత ఫైల్లోంచి పచ్చ ప్రింటు తీసి పక్కన పెట్టాడు.

"కుడికంటి పొర ఉబ్బిందమ్మా. అప్పుడు చక్కగా ఉన్న కన్ను. చూడు, ఎంత పచ్చగా ఉందో. కళ్ళు నులుముకుంటావా?"

"చిన్నప్పటి నుంచీ అలవాటండి."

"అదీ సంగతి. కొందరికి ఎంత చెప్పినా వినిపించదు."

"నాదే తప్పు సార్. మీరంత కష్టపడి చేశారు, నేను నిలబెట్టుకోలేకపోయాను. ఏమనుకోకండి."

కన్ను పాడయిన మనిషి పాడుచేసిన వాడికి క్షమాపణ చెప్పింది. ఆయన చెయ్యెత్తి, పోనీలే అన్నట్టు ఊపాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ పటాలమ్మ ముందుకొచ్చి ఎడమకన్ను పటం ఆయన ఎదుటికి జరిపింది.

"మరి ఎడమది సార్?" అని అడిగింది ఆమె.

"పాత పటం పచ్చగానే ఉందిగా. కాస్త ఎండి పసుపు కనిపిస్తోంది. ఏడాది పోయాక చూద్దాం." పంచదార వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి చేత కాగితం రాయించు. నులుముకునే అలవాటుందని, ఆసుపత్రి హెచ్చరించిందని. కుడికంటికి బయట ఎక్కడైనా చూపించుకుంటుంది."

పంచదార నవ్వుతూ పిచ్చుకని చెయ్యిపట్టుకుని పక్కగదికి తీసుకెళ్ళింది. డాక్టరు పటాలమ్మని మాత్రం ఆగమన్నాడు. కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు.

"ఆ పచ్చ పటం నువ్వు తీసిందే."

"అవును సార్."

"నేను పచ్చది చూసే చేశాను."

"అవును సార్."

"ఎన్నోసారికి వచ్చిందో నేను అడగలేదు, అడగను కూడా." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మెషిన్ మెమరీ నిండిపోతోందట కదా. వదిలేసిన పటాలు ఊరికే చోటు తింటున్నాయి, తీసెయ్. మీ చెల్లెలివి ముందు తీసెయ్, ఎలాగూ ఇవాళ తెరిచావు."

ఇంతకన్నా మెత్తగా ఎవరూ ఎవరినీ బురదలోకి లాగలేరు. అరవలేదు, బెదిరించలేదు. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం, చెయ్యి కూడా నువ్వే కడుగు అన్నాడు, అంతే.

పటాలమ్మ చీకటి గదికి తిరిగొచ్చి మెషిన్ ముందు కూర్చుంది. చెల్లెలి పేరు నొక్కితే ఆపరేషన్‌కి ముందు తీసినవి పదకొండు పటాలు తెరుచుకున్నాయి, కుడివి ఏడు, ఎడమవి నాలుగు. తీసేయాలా అని మెషిన్ అడిగింది. అవును అన్న గడి మీద ఆమె వేలు ఆగింది.

ఆమెకి లెక్క స్పష్టంగా తెలుసు. కుడికన్ను పోవాల్సింది పోయింది. ఇక దానికి గట్టి లెన్సు పెట్టుకుని బతకాలి, అదీ కుదరకపోతే పొర మార్చాలి. ఎడమకన్ను ఇంకా చేతిలోనే ఉంది. మందు చుక్కలు వేసి, కాంతి పట్టించి, పొరని గట్టిపరిచే చికిత్స ఇప్పుడే చేస్తే అది అక్కడితో ఆగుతుంది. కానీ ఆ కన్ను ఆపరేషన్‌కి ముందే బలహీనమని చికిత్స చేసే డాక్టరుకి తెలియాలి. పచ్చ ప్రింటు, సంతకం పెట్టిన కాగితం ఉన్న ఫైలు పట్టుకెళ్తే బయట డాక్టరు కూడా, నులుముకోకమ్మా, ఏడాది పోయాక రా అనే అంటాడు. ఏడాదికి ఎడమకంట్లోనూ గుట్ట లేస్తుంది. అప్పుడిక బేసిన్ దగ్గర తలలు కడగడానికి కూడా చూపు మిగలదు.

నిజం చెప్తే పిచ్చుక కన్ను దక్కుతుంది. చెల్లెలు దక్కదు. పటాలమ్మ అలా ఎంతసేపు కూర్చుందో చెప్పుకోవడం సిగ్గుచేటు. ఒక మనిషి తన చెల్లెలి కంటినీ తన పరువునీ తక్కెడలో వేసి తూచడానికి ఒక్క నిమిషం పట్టినా ఎక్కువే, ఆమెకి అంతకన్నా ఎక్కువే పట్టింది. తలుపవతల పంచదార గొంతు వినిపించింది, "ఇక్కడొక్క సంతకమండీ, మామూలేనండీ." ఆ మాటకి ఆమె వేలు కదిలింది. వద్దు అని నొక్కి, ప్రింటు ఇచ్చింది. మెషిన్ ఒక్కొక్క కాగితమే తాపీగా బయటికి తోసింది.

పక్కగదిలో పిచ్చుక కలం పట్టుకుని గీత కోసం వెతుకుతోంది. కాగితం మీద గీత కూడా ఆమెకి రెండుగా ఉన్నట్టుంది.

"ఆగు, పెట్టకు" అంది పటాలమ్మ.

"మేడమ్, సార్ చెప్పారు..." అంది పంచదార.

"సార్‌కి నేను చెప్తాను. నువ్వు కాసేపు బయటికెళ్ళు."

ఆ గొంతులో ఏం విన్నదో, పంచదార నవ్వు మరిచిపోయి లేచి వెళ్ళింది. పటాలమ్మ కుడికంటి కాగితాలు టేబుల్ మీద వరసగా పరిచింది. పిచ్చుక ముఖం దగ్గరికి వంచి, ఎడమకన్ను ఆనించి చూసింది. అక్షరాలు అందకపోయినా రంగులు అందాయి.

"ఎర్రగా ఉన్నాయేంటే ఇవన్నీ? ఎవరి కన్ను?"

"నీదే."

"ఇవాళ్టివా?"

"ఆపరేషన్‌కి ముందువి."

పిచ్చుక వేలితో ఒక్కోదాన్ని తాకుతూ లెక్కపెట్టింది. ఆరు ఎర్రవి దాటి చివరిదాని దగ్గర ఆగింది. "ఇది పచ్చగా ఉందిగా. ఇదెవరిది?"

"ఆ ఆరూ నీ కన్ను చెప్పినవి" అంది అక్క. "ఏడోది నా చెయ్యి చెప్పింది. నువ్వు నులుముకున్నందుకు కాదే ఇది. చెయ్యకూడని కంటికి చేయించాను. ఎడమది కూడా అంతే, కానీ దాన్ని ఇంకా ఆపొచ్చు. ఇవాళే ఇవి పట్టుకుని ఇంకో చోటికి వెళ్ళాలి. ముందు ఎడమకన్ను చూడమని చెప్పు."

పుట్టినప్పటి నుంచి నోరు మూతపడని పిల్ల కలం పక్కన పెట్టేసింది. కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. అంచులు కలిశాయో లేదో కంటికి తెలియక, వేలితో తడిమి సరిచేసుకుంది.

"నీకెప్పుడు తెలుసు?"

"అనుమానం మొదట్నుంచీ ఉంది."

"మేజోళ్ళు తొడిగేటప్పుడు కూడా?"

అక్క చూపు టేబుల్ మీది కాగితాల మీదికి దిగింది. అదే జవాబైంది.

"రోజూ నా చెయ్యి నీ ఒళ్ళో పెట్టుకుని తొడిగేదానివి" అంది పిచ్చుక, గొంతు పెంచకుండా. "ఊడిపోకుండా మణికట్టు దగ్గర ముడి కూడా వేసేదానివి. నేను నీకు సారీ చెప్పి పడుకునేదాన్ని."

మాట్లాడుతూ కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. ఎండిపోయిన కళ్ళు, ఏడుపొచ్చినా తడి రాదు వాటికి. సంచీలోంచి చుక్కల సీసా తీసి మూత తిప్పింది. ఈ ఎనిమిది నెలలూ ఆ చుక్కలు అక్కే వేసేది, ఒక్క బొట్టు బయట పడకుండా వేసేది. అలవాటు కొద్దీ పటాలమ్మ చెయ్యి చాపింది.

"నువ్వు ముట్టుకోకు" అంది పిచ్చుక.

తల వెనక్కి వాల్చి తనే వేసుకుంది. మొదటి చుక్క కనుబొమ్మ మీద పడింది. రెండోది బుగ్గ మీంచి జారి ఎర్ర పటాల మీద పడింది. సీసా ఎక్కడుందో, కన్ను ఎక్కడుందో సరిచూసుకుంటూ మూడోసారి ఎత్తింది. పటాలమ్మ తన మేటి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఆ చుక్క కంట్లో పడేదాకా చూస్తూ నిలబడింది.